జిరాక్స్ షాపు చరిత్రకారులు

నెల్లూరు జిల్లాలో చరిత్ర మీద అందరికంటే ఎక్కువ పేజీలు రాసిందెవరో నాకు తెలుసు. బస్టాండు పక్కన జిరాక్స్ షాపు నడిపే పెద్దమనిషి. పేరు, హాల్‌టికెట్టు నెంబరు, ఊరు చెబితే చాలు, గంటలో ప్రాజెక్టు చేతికిస్తాడు. పైన ప్లాస్టిక్ అట్ట, పక్కన స్పైరల్ బైండింగు, లోపల కృతజ్ఞతల పేజీ. ఆ పేజీలో నాకూ నమస్కారం ఉంటుంది, నా పేరు తప్పుగా అచ్చయి.

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఒక ఏడు ఇందుకూరుపేట మండలంలోని మత్స్యకారుల మీద ఒక కుర్రాడు ఇచ్చిన రిపోర్టు తిప్పుతుంటే, ఆ ఊరి పొలాలు గోదావరి నీటితో పండుతాయని ఉంది. పెన్నానది ఒడ్డు మండలానికి గోదావరి! పిలిచి అడిగాను. వాడు బిత్తరపోయి, "ఏంది సార్, మీరు నిజంగానే చదువుతారా?" అన్నాడు. తప్పు పట్టుబడినందుకు కాదు, చదివే మనిషి ఒకడున్నందుకు వాడికి ఆశ్చర్యం. నాకు వాడి మీద కోపం రాలేదు. ఇన్నేళ్లుగా అట్ట మందం చూసి మార్కులు వేసినవాళ్లం మేము. ఆ ప్రశ్న వాడికి నేర్పిందీ మేమే.

2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. 180 గంటలు జనం మధ్య తిరిగి, చూసి, అడిగి, రాయమన్నారు. ఇంత మంచి ఆలోచన మన చదువుల్లోకి ఎప్పుడో గాని రాదు. దాన్నీ ఫోటోలకూ సంతకాలకూ కుదించేశాం. తీరంలో పుట్టిన పిల్లలు తీరం మీద ప్రాజెక్టును కొనుక్కుంటున్నారు. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చింది కాబట్టి ఆ ఖర్చూ లేదు. జిరాక్స్ షాపాయనకైనా పిల్లల ఫీజులు కట్టుకోవడానికి పనికొచ్చేది ఆ డబ్బు!

చరిత్ర వ్యాసం సొంతంగా రాయడమంటే ఏమిటో ఒక ఊరితో చెబుతాను. దుగరాజపట్నం. ఆంగ్లేయుల కాగితాల్లో ఆర్మగాన్. 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకస్థానం పెట్టుకుని, ఫిరంగులతో కోట కట్టుకుంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నం కౌలు సంపాదించి, 1640లో అక్కడికి మకాం మార్చింది. గైడులో ఇది రెండు వాక్యాలు. పిల్లలు ఆ రెంటినీ పన్నెండు పేజీలకు సాగదీస్తారు. కంపెనీ పుట్టుక, వాస్కోడిగామా, ప్లాసీ యుద్ధం అన్నీ వచ్చేస్తాయి. దుగరాజపట్నం మాత్రం రెండు వాక్యాల దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకు వదిలి వెళ్లారు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే వ్యాసం పుడుతుంది. అక్కడి నాయకుడితో తగువులని ఒక జవాబు. దక్షిణాన అద్దకపు గుడ్డలు చవగ్గా దొరుకుతాయని కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే పైవాళ్లకు చెప్పుకున్నది ఇంకో జవాబు. ఆయనగారి ప్రియురాలు మద్రాసపట్నం పక్కనే శాంతోంలో ఉండేదని, అందుకే అక్కడి ఇసుక దిబ్బ మీద అంత మోజని లోకం చెప్పుకునే కథ మూడోది. మూడూ రాసి, పాఠకులే తేల్చుకోండి అని చేతులు దులుపుకుంటే అది వ్యాసం కాదు, పిరికితనం. కంపెనీ ఉత్తరాలను విలియం ఫోస్టర్ సంపుటాలుగా అచ్చువేయించాడు. ఇవాళ సెల్‌ఫోనులో ఉచితంగా చదువుకోవచ్చు. తెరవండి. చవక అని చెప్పినవాడికి ఆ మకాం మారితే లాభముందా? ఉంటే ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలి? పులికాట్‌లో కోట కట్టుకుని కూర్చున్న డచ్చివాళ్లు ఆర్మగాన్ వర్తకాన్ని ఎంత నొక్కారు? ఏదో ఒక పక్షం తీసుకో. నీ వాదానికి అడ్డమొచ్చే కాగితాన్ని దాచకుండా ముందు పెట్టు. అప్పుడు తప్పు చేసినా నేను లేచి నమస్కారం పెడతాను, ఎందుకంటే ఆ తప్పు నీది.

ఆర్మగాన్ పేరు ఆర్ముగం మొదలియారు అనే స్థానికుడి పేరు నుంచి వచ్చిందని చెబుతారు. ఆంగ్లేయులకు ఆ చోటు ఇప్పించడంలో సాయపడ్డాడట. ఆయనెవరు, ఏమాశించి సాయపడ్డాడు? ఇన్నేళ్లలో ఒక్క కుర్రాడూ నన్ను ఈ మాట అడగలేదు.

మా పిల్లలు ప్రాజెక్టు మొదటి పేజీలో శ్రీశ్రీని తప్పకుండా తలుచుకుంటారు, తాజ్‌మహల్ రాళ్లు మోసిన కూలీల కోసం. బాగుంది. మరి మీ ఇంటి వెనక పారే బకింగ్‌హామ్ కాలవ? 1876-78 కరువులో తిండిలేక మలమలమాడిన జనం చేత, కూలికి, దాంట్లో కొంత తవ్వించారు. పేరు మాత్రం గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ డ్యూకుది. ఆగ్రా దాకా వెళ్లే ఆ కోపం గుమ్మం దాటి కాలవగట్టుకు రాదే!

పుస్తకాల్లో లేవు సార్ అంటారు. పుస్తకాల్లో లేకపోతే సురవరం ప్రతాపరెడ్డి ఏం చేశాడు? రాజుల యుద్ధాలు పక్కనపెట్టి కావ్యాల్లో, సామెతల్లో జనం తిండీ బట్టా ఆటా వెతికి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చాడు. మీకు కావ్యాలు అక్కర్లేదు, మీ నాయనమ్మ చాలు. మత్స్యకారుల పట్టపుపాలెంలో కులపెద్దలు ఫలానా పని చేయరాదని కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటారు. ఆ మాట మీ ఇంట్లో రోజూ వినబడుతుంది. ఏ దురాయి ఎప్పుడు వేశారు, ఎవరు ఎదిరించారు, ఏమైంది? పదిమంది ముసలివాళ్లను అడిగితే సగం వ్యాసం అయిపోయినట్టే. రొయ్యల గుంటలొచ్చాక మీ బావినీళ్లు ఏ ఏడు ఉప్పనయ్యాయి? తీరం రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబరు 11న వచ్చింది. తీర్పు ఒక చేత్తో, అవ్వ మాట ఒక చేత్తో పట్టుకుని, రెండూ ఎక్కడ కలుస్తాయో ఎక్కడ పొసగవో రాయి. అవ్వ మాటనూ గుడ్డిగా నమ్మొద్దు. తుపాను ఏడాదిని పెళ్లి ఏడాదితో కలిపేస్తుంది. కావలి తుపాను 1989 నవంబరులో వచ్చింది. దానికి ముందా, తర్వాతా అని అడిగి చూడు, లెక్క దారికొస్తుంది.

ఒక సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. శ్రీహరికోట దీవి నుంచి బయటికొచ్చిన యానాది కుటుంబంలోని అమ్మాయి ఒకతె యానాదుల మీదే ప్రాజెక్టు ఇచ్చింది. 1971లో రాకెట్లు ఎగరడం మొదలవకముందు వాళ్ల తాత ఆ దీవిలో బతికినవాడు. ఆ అమ్మాయి తెచ్చిన పేజీల్లో యానాదులు అమాయకులు, అనాగరికులు, ముందుచూపు లేనివాళ్లు. దొరల కాలపు రాతలు చేతులు మారి మారి జిరాక్స్ షాపుకు చేరి, చివరికి ఆమె సంతకం కిందికి వచ్చి కూర్చున్నాయి. తన తాతను తానే అనాగరికుడని రాసి, దాని కింద హాల్‌టికెట్టు నెంబరు వేసింది.

రిపోర్టు వెనక్కిచ్చి, తాత చెప్పింది రాసుకురమ్మన్నాను. తొమ్మిది పేజీలు తెచ్చింది. చేతిరాత. దీవిలో ఏ కాలంలో ఏ దుంప తవ్వేవాళ్లో, ఏ మూలికను ఏ జబ్బుకు వాడేవాళ్లో, దీవి విడిచి వచ్చేటప్పుడు ఎవరు ఏం చెప్పారో, తాత మాటకూ చిన్నాన్న మాటకూ ఎక్కడ తేడా వచ్చిందో అన్నీ ఉన్నాయి. ముందుచూపు లేదన్న దొర మాటను చివర్లో ఎత్తుకుని, తాత తేనె తీసేటప్పుడు పట్టులో ఎంత వదిలి వచ్చేవాడో చెప్పి చీల్చి చెండాడింది. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నేను చదివిన మంచి చరిత్ర వ్యాసం అదే.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు లెక్కపెట్టి, బైండింగు లేదని, ఆ ఏటికల్లా తక్కువ మార్కులు ఆ అమ్మాయికే వేశాడు. నేను పక్కనే కూర్చుని ఊరుకున్నాను.

ఈ వేసవిలో మళ్లీ ప్రాజెక్టులొస్తాయి. లెక్చరర్లారా, అట్ట తెరవకముందే పిల్లల్ని ఒక్క మాట అడగండి: నువ్వు ఎవరింటికి వెళ్లావు, వాళ్లు నీకేం చెప్పారు? జవాబు లేకపోతే ఆ బైండింగు విప్పి వెనక్కిచ్చేయండి.