గోడ మీది తాళంచెవి

తిరుపతిలో మా వద్ద చదువుకున్న ఒక యువకుడు ఓ దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. మొన్న మేము అక్కడికి వెళ్లినప్పుడు బిల్లింగ్ కంప్యూటర్ పాస్‌వర్డ్ గోడకు అంటించిన కాగితంపై కనిపించింది. "అందరం వాడేదే కదా హజ్రత్!" అన్నాడు. గల్లాపెట్టె తాళంచెవిని కూడా ఇలాగే గోడకు తగిలిస్తావా అని అడిగాము. తల దించుకున్నాడు.

2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పీ. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి 12 కోట్ల రూపాయలకు పైగా తరలిపోయింది. ఎవరూ తలుపు పగలగొట్టలేదు. అంతకు ముందే ఉద్యోగులకు 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. కొందరు వాటిని తెరవగా దొంగలు లోపలికి చొరబడ్డారు. భద్రతా లోపాలకు 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా విధించింది.

యజమాని అప్పగించిన పాస్‌వర్డ్ అమానతు. అందరిదీ ఒకటే అయితే దొంగ ఎవరో తేలదు. నింద అమాయకునిపై పడుతుంది. కనుక ఎవరి పాస్‌వర్డ్ వారికే ఉండాలి. ఓటీపీ అనే రెండవ తాళమూ వేయాలి. పని మానినవారి లాగిన్‌ను ఆ రోజే తొలగించాలి. సొంత మెయిలు పాస్‌వర్డ్‌ను దుకాణంలో వాడరాదు. పొరపాటున మోసపు లింకు నొక్కితే సిగ్గుపడి దాచక, వెంటనే యజమానికి చెప్పాలి.

ఆ యువకుడు కాగితాన్ని మా ముందే చించివేశాడు. నాయనా, అది చాలదు; ఇన్నాళ్లూ దానిని ఎందరు చూశారో! పాస్‌వర్డ్ మార్చు అన్నాము.