తెర వెలిగింది, పాఠమేదీ?

ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నత పాఠశాలల్లో నల్లబల్ల పక్కనే డిజిటల్ ప్యానల్ కనిపిస్తోంది. దాంతో తొందరగా చనువు పెరిగేది సైన్సు మాస్టారికి. గుండె కొట్టుకునే తీరు, గ్రహాలు తిరిగే తీరు కదిలే బొమ్మల్లో చూపిస్తే పిల్లలకు ఇట్టే పట్టుబడతాయి. తెలుగు పీరియడు వచ్చేసరికి అదే తెర మీద పాఠ్యపుస్తకం పీడీఎఫ్ ప్రత్యక్షమవుతుంది, లేదా ఎవరో చదివి పెట్టిన వీడియో నడుస్తుంది. పుస్తకం పిల్లల చేతుల్లోనే ఉంది. చదివి వినిపించగల గొంతూ ఆ గదిలోనే ఉంది. మరి తెర వల్ల ఒరిగిందేమిటి?

ఇందులో తెలుగు పండితుణ్ని తప్పుపట్టి లాభం లేదు. ప్యానల్ ఎలా వెలిగించాలో, దీక్షా యాప్‌లో ఎలా లాగిన్ కావాలో, పాఠం పక్కనున్న క్యూఆర్ కోడ్‌ను ఎలా స్కాన్ చెయ్యాలో శిక్షణలో చెబుతారు. లెక్కల మాస్టారికీ తెలుగు మాస్టారికీ అదే శిక్షణ. పద్యం చెప్పేటప్పుడు ఇది దేనికి పనికొస్తుందన్న ప్రశ్న అక్కడ రాదు. ఆపైన హాజరు యాపు, మధ్యాహ్న భోజనం ఫొటో, మార్కుల అప్‌లోడు. పైవాళ్లకు లెక్క అప్పజెప్పే చాకిరీగా పరిచయమైన సాంకేతికత మీద ఎవరికైనా ఇష్టం ఎక్కడినుంచి పుడుతుంది?

నిజానికి యంత్రం మన బడికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడిపిల్లల పాఠాలూ అందులో ఉండేవి. ఉపగ్రహం అమెరికాది, గడువు తీరింది, కార్యక్రమమూ ఆగిపోయింది. కరోనా ఏడాది దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి, టీశాట్ చానళ్లు మళ్లీ పాఠాలు వినిపించాయి. అప్పుడూ ఇప్పుడూ పిల్లవాడికి మిగిలిన పని వినడమే. వింటే భాష చెవికెక్కుతుంది, నిజమే. నోటికీ చేతికీ రావాలంటే మాత్రం వాడు మాట్లాడాలి, రాయాలి, తప్పు దిద్దించుకోవాలి. అందుకే భాష చెప్పేవాళ్లు ఏ పరికరాన్నయినా ఒక్క ప్రశ్నతో తూచాలి: దీంతో పిల్లవాడు ఏం చేస్తాడు?

ఆ తూకానికి నిలిచే మొదటి పరికరం చాలా పాతది, కీబోర్డు. పిల్లలు ఫోన్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొడుతున్నారు. ఫోను తెలుగులోకి మార్చి నాలుగు మాటలు చూపిస్తే, వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటున్నారు. ల, ళ తేడా, శ, ష, స తేడా యంత్రం చూసుకుంటుంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి అలా చూసుకోదు. 1980లలో రూపొంది, 1991లో జాతీయ ప్రమాణంలో చేరిన ఈ అమరికలో హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు ఉంటాయి. ‘క’ మీట మీదే షిఫ్టు నొక్కితే ‘ఖ’, ‘గ’ మీట మీద ‘ఘ’. వర్ణమాలలోని పొందికంతా వేళ్ల కిందికి వస్తుంది.

‘స్త్రీ’ అని రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు మీటలు వరసగా నొక్కాలి. అలవాటుగా ‘స్ర్తీ’ అని రాసే పిల్లవాడికి తన తప్పు ఎక్కడుందో ఇక్కడ తెలుస్తుంది: తకారానికి ముందే రకారం నొక్కాడు. ఎర్రసిరాతో ఎన్నిసార్లు దిద్దినా దిగని పాఠం ఇలా దిగే అవకాశం ఎక్కువ. (పెద్ద పెద్ద ఫ్లెక్సీల మీద కూడా ఆ తప్పు రాజ్యమేలుతోందని వేరే చెప్పాలా!) ఆరో తరగతిలో వారానికి ఒక పీరియడు ఈ కీబోర్డుకు కేటాయించాలి. కంప్యూటర్ టీచరుకు వదిలెయ్యకుండా తెలుగు టీచరే నేర్పాలి. ఎందుకంటే ఇది అచ్చంగా సంయుక్తాక్షరాల పాఠం.

ఇక కృత్రిమ మేధ. ఇంటిపనిగా ఇచ్చిన వ్యాసాన్ని అదే రాసిపెడుతోందని పంతుళ్లు తల పట్టుకుంటున్నారు. దాన్నే తరగతిలో నిలబెట్టి పరీక్షిస్తే సరి. ఒక ఆటవెలది రాయమనండి. తడుముకోకుండా రాసేస్తుంది, చూడ్డానికి నాలుగు పాదాలూ ఉంటాయి. దాన్ని ప్యానల్ మీద పెట్టి పిల్లల చేత గురులఘువులు గుర్తింపజేయండి. బేసి పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, సరిపాదాల్లో అయిదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. లెక్క తరచుగా ఎక్కడో ఒకచోట తప్పుతుంది. ఆ చోటు పట్టుకున్న పిల్లవాడి ముఖం చూడాలి! గణవిభజన పరీక్షలో మార్కుల కోసం బట్టీపట్టే తంతుగా మిగిలిపోయింది. యంత్రాన్ని తప్పుపట్టే పని అప్పగిస్తే అందులోకి ఆట వస్తుంది. ఛందస్సును తేల్చిచెప్పే ‘ఛందం’ వంటి సాఫ్ట్‌వేర్ ఉంది కానీ, దాన్ని చివర తీయండి. ముందే తీస్తే పిల్లలకు పని మిగలదు.

అదే యంత్రం ‘మా ఊరు’ అని వ్యాసం రాస్తే అది ఏ ఊరికైనా అతుకుతుంది. ఏ ఊరికైనా అతికేది మన ఊరి వ్యాసం కాదు కదా. కాబట్టి యంత్రానికి తెలియని సంగతి అడగాలి. అలాంటి సంగతులు ఎలా దొరుకుతాయో పెద్దలు చూపించారు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వెలువడింది. వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఊరూరా రైతుల నోట, నేతపనివారి నోట విని ఏరిన మాటలవి. అంతకు ముందే గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ కొండల్లో ఉండే సవరల భాష నేర్చి, ఆ కొండల్లో పట్టుకున్న మలేరియాకు క్వినైన్ మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఆనాటి వాళ్లకు చెవీ కాగితమే సాధనాలు. ఇవాళ మామూలు ఫోన్‌లోనూ రికార్డరుంది.

తొమ్మిదో తరగతి పిల్లలు ఊళ్లో కుమ్మరినో జాలరినో అనుమతి అడిగి పది నిమిషాలు మాట్లాడించి, ఇంటికొచ్చి విన్నది విన్నట్టు రాయాలి. చేత్తోనే రాయాలి. ఎందుకంటే గూగుల్ 2017 నుంచి తెలుగులో వాయిస్ టైపింగ్ ఇస్తున్నా, ‘ఎల్లిపోనాడు’ అని పలికితే అది తరచుగా తనకు తెలిసిన రూపంలోకే దిద్దుతుంది. అదే మాటను యంత్రం చేతా రాయించి, రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి యంత్రం మింగేసినవేవో పిల్లల చేతే వెతికిస్తే, మాండలికాల గురించి ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు. అలా దొరికిన మాటల్లో అచ్చయిన ఆధారం ఉన్నవాటిని విక్షనరీకి చేర్చవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో గ్రామాల పేజీలు వేలకొద్దీ ఉన్నాయి, చాలావాటిలో జనాభా లెక్కల సమాచారం తప్ప పెద్దగా ఏమీ లేదు. వాటిని నింపే పని పిల్లలకు ఇవ్వవచ్చు. ఆధారం చూపకుండా రాసింది అక్కడ నిలవదన్న నియమం కూడా పిల్లలకు మంచిదే.

ఇవన్నీ ప్రతి బడిలోనూ రేపే జరిగిపోతాయని మేం అనడం లేదు. నెట్ అందని ఊళ్లున్నాయి, ఫోను లేని ఇళ్లున్నాయి, నాలుగు తరగతులకు ఒకే తెలుగు టీచరున్న బళ్లున్నాయి. ప్రశ్నపత్రం ఇప్పటికీ డీటీపీ షాపులో పాత ఫాంట్లతో తయారై, మరో కంప్యూటర్లో తెరిస్తే అర్థంకాని గుర్తులుగా మారుతోంది. ప్రభుత్వాలు కొత్త పరికరాలు కొనేముందు భాషోపాధ్యాయులకు విడిగా, వాళ్ల పాఠాలతోనే శిక్షణ ఇవ్వాలి. బడి కాగితాలన్నీ యూనికోడ్‌లోకి మార్చాలి. రెండోదానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

మా పాఠకుల్లో తెలుగు ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. ఫోనుతోనో ప్యానల్‌తోనో మీరు చెప్పిన ఒక్క పాఠం గురించి రాయండి. కుదరని ప్రయోగమైనా సరే, ఎందుకు కుదరలేదో రాయండి. రెండు పేజీలు మించకుండా, దయచేసి యూనికోడ్‌లో.