ఒక పద్యం ఎగ్గొట్టాడు!

సినిమా పత్రికలో ఈ నాటకాల గోలేమిటండీ బాబూ అని పేజీ తిప్పెయ్యకండి. మన సినిమాకి పుట్టిల్లు నాటకమే! 1932లో విడుదలైన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయి ఎవరనుకున్నారు? సురభి నాటక కుటుంబం ఆడపడుచు. కాబట్టి ఈ వారం పుట్టింటి కబుర్లు.

నిజం చెప్పొద్దూ, పోయినేడాది దాకా నేనూ మీలాంటివాణ్ణే. పద్యనాటకం అంటే ఒక హార్మోనియం, ఒక అట్ట కిరీటం, అయిదు నిమిషాల రాగం... ఇంతే నాకు తెలిసింది. శివరాత్రికి మా ఊరు వెళితే గుడి దగ్గర జాగారానికి 'శ్రీకృష్ణ రాయబారం' వేయించారు. ఊళ్ళో సినిమా హాలు లేదు. సెల్‌ఫోన్లో ఛార్జింగు లేదు. గత్యంతరం లేక వెళ్ళి చాప మీద కూలబడ్డాను.

పడకసీను బ్రహ్మాండంగా నడిచింది. జనం 'వన్స్‌మోర్' అన్నారు, కృష్ణుడు మళ్ళీ ఎత్తుకున్నాడు. కాసేపయ్యాక చూద్దును గదా, కృష్ణుడే మారిపోయాడు! పొట్టి కృష్ణుడు లోపలికెళ్ళి పొడుగు కృష్ణుడు వచ్చాడు.

"ఇదేమిటి తాతా, డూపా?" అని పక్కనున్న ముసలాయన్ని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "డూపేంది అబ్బాయ్! ఈయన రెండో కిష్టుడు. తెల్లవార్లూ ఒక్కడే పాడితే గొంతు నిలవొద్దూ?" అన్నాడు.

అప్పణ్ణించి స్టేజీ కంటే ఆయన్నే ఎక్కువ చూశాను. ప్రతి పద్యం నటుడికంటే ముందే ఆయన పెదాల మీద ఆడుతోంది. రాయబారం సీను మధ్యలో ఉన్నట్టుండి తల అడ్డంగా ఊపి, "ఒక పద్యం ఎగ్గొట్టాడు" అన్నాడు.

"పుస్తకం చదివావా తాతా?"

"నాకు చదువెక్కడిది? చిన్నప్పట్నించీ విన్నదే."

నాకు సిగ్గేసింది. అక్షరం ముక్క రానివాడికి తిరుపతి వెంకట కవులు కంఠస్థం. డిగ్రీ చదివిన నాకు హీరోగారి పంచ్ డైలాగులు తప్ప ఒక్క పద్యం నోటికి రాదు. ఆ జాగారంలోనే ఒట్టు పెట్టుకున్నాను. మళ్ళీ శివరాత్రిలోగా నెలకొకటి చొప్పున 12 నాటకాలు చదవాలి. ఎక్కడ ఆడితే అక్కడికెళ్ళి చూడాలి!

విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల చుట్టూ తిరిగి 'పాండవోద్యోగ విజయములు' పట్టాను. 1967 నాటి 'శ్రీకృష్ణావతారం'లో ఘంటసాల గొంతులో విన్న రాయబారం పద్యాలు ఇందులోవేనని అప్పుడే తెలిసింది. మంచం మీద పడుకుని మనసులో చదువుకున్నాను. రెండు పేజీలకల్లా నిద్ర. మూడోరోజు పట్టుదలకొద్దీ పైకి చదివాను. పైవాటా ఆవిడ దిగొచ్చి, "ఒంట్లో బాగాలేదా నాయనా?" అని అడిగింది! పోతే పోయింది పరువు, పైకి చదివితేనే పద్యం లేచి నిలబడింది. అది కంటికోసం రాసింది కాదు, చెవికోసం రాసింది.

రెండో నెల బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి 'హరిశ్చంద్ర'. ఈయనే తర్వాత సినిమాల్లో మాటలు రాశారు, వేషాలూ వేశారు. డి.వి. సుబ్బారావుగారు పాడిన కాటిసీను పద్యాలు విని ఉన్నాను గనక తిన్నగా ఆ పేజీకే పోయాను. ఆశ్చర్యం! నాకు బాగా గుర్తున్న పద్యాలు అందులో లేవు. పుస్తకం చిరిగిందేమో అనుకున్నా. కాదు. అవి జాషువాగారి 'శ్మశానవాటి'లోవి. నటులు తెచ్చి ఇందులో కలిపారు. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి, చావు ముందు అందరూ సమానమేనని రాసిన పద్యాలు, కాటికాపరిగా మారిన చక్రవర్తి నోట పలికాయి. అంతకంటే తగిన చోటు ఇంకెక్కడుంటుంది చెప్పండి?

కలిపినవన్నీ ఇలాగే ఉంటే ఎంత బాగుండేది! కాళ్ళకూరి నారాయణరావుగారి 'చింతామణి' దగ్గరికొచ్చేసరికి మనసు చివుక్కుమంది. సుబ్బిశెట్టి పాత్రతో తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. చిన్నప్పుడు తిరునాళ్ళలో సుబ్బిశెట్టి వేషం చూసి పడీపడీ నవ్వినవాణ్ణి నేనూ. పుస్తకం తీస్తే నేను నవ్విన ఆ బూతులు లేవు. వేశ్యాలోలత్వం సంసారాల్ని ఎలా కూలుస్తుందో చెప్పడానికి రాసిన నాటకం అది. చింతామణి చివరికి కృష్ణభక్తిలో పడుతుంది. మరి ఆ బూతులు ఎవరివి? ఈలలకోసం కలిపిన నటుడివి. ఈల వేసిన నావి కూడాను. నొచ్చుకున్నవాళ్ళ బాధ అబద్ధం కాదు. కానీ రాసిందేదో, కలిపిందేదో చదివితే తప్ప తెలీదు కదా!

అదే రచయిత 'వరవిక్రయం' మాత్రం ఒక్క రాత్రిలో పూర్తిచేశాను. కట్నం బేరానికి బలైన కాళింది పాత్రతోనే భానుమతిగారు 1939లో తెరకెక్కారు. కట్నం తీసుకున్న స్నేహితుడికి ఆ పుస్తకం పెళ్ళికానుకగా ఇచ్చాను. ఇంతవరకూ ఫోను చెయ్యలేదు!

12 పూర్తయ్యాయా అంటారా? పెళ్ళిళ్ళ సీజనులో రెండు నెలలు, కొత్త సినిమాల పుణ్యమా అని ఇంకోనెల ఎగిరిపోయాయి. లెక్క 9 దగ్గర ఆగింది. ఒట్టు తీసి గట్టున పెట్టినట్టే.

అయినా ఈ శివరాత్రికి ధీమాగానే వెళ్ళాను. అదే గుడి, అదే రాయబారం. తాత ఈసారి అందరికంటే ముందు కూర్చున్నాడు. పలకరిస్తే జవాబు లేదు. ఏడాదిలో చెవులు బాగా మందగించాయట. హార్మోనియం మోత తప్ప మాట తెలియడంలేదట. చదువు లేని మనిషికి ఉన్న పుస్తకాలు ఆ రెండు చెవులే గదా!

పక్కన చేరాను. సెల్‌ఫోను కాదు, పుస్తకమే తీసుకెళ్ళాను. వెలుతురు పడేచోట పట్టుకుని, నటుడు ఎత్తుకున్న పద్యం చూసి, దాని మొదటి మాట ఆయన చెవిలో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. మాట అందితే చాలు, మిగతాది ఆయన పెదాలే చూసుకున్నాయి. అలా చాలాసేపు నడిచింది. రాయబారం సీనులో ఒక పద్యం అందించగానే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇది తర్వాతది. ముందుది ఏదీ?"

పేజీ వెనక్కి తిప్పి చూశాను. నిజమే!

"ఈ ఏడూ ఎగ్గొట్టాడన్నమాట" అన్నాడు తాత, తృప్తిగా.

మిగిలిన మూడు నాటకాలు పూర్తిచెయ్యాలి. మీరూ ఒకటి పట్టండి. ఖర్చు ఒక సినిమా టిక్కెట్టంత. చదివేటప్పుడు మాత్రం పైకి చదవండి. పైవాటావాళ్ళ సంగతి నాకొదిలెయ్యండి!