తాళంచెవి ఎవరి చేతిలో?

భోగాపురం కూడలిలో నిలబడితే హైవే ఒకవైపు చెన్నైకి, ఇంకోవైపు కలకత్తాకు పోతుంది. ఈమధ్య ఈ ఊరి పేరెత్తితే చాలు, అందరూ విమానాశ్రయం సంగతే అడుగుతున్నారు. నేలమీది దారికీ చెప్పుకోవలసిన కబుర్లున్నాయి.

చెన్నై వైపు వెళ్తే ముందు విశాఖ. ఓడలు రేవులోకి వచ్చే కాలువ పక్కన మూడు గుట్టలు: ఒకదానిమీద వేంకటేశ్వరుడు, ఒకదానిమీద మేరీమాత, మూడోదానిమీద ఇసాక్ మదీనా దర్గా. ఇది మనకు అలవాటైన దృశ్యమే. అదే రోడ్డున ఇంకా పోయి గుంటూరు దగ్గర పక్కకు తిరిగితే చేబ్రోలు. అక్కడి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారంటే చాలామంది నమ్మరు. బెనె ఎఫ్రాయిం అంటారు వాళ్ళను. ఒకప్పుడు చర్చికి వెళ్ళిన కుటుంబాలే. 1990ల మొదట్లో సొంతంగా చిన్న ప్రార్థనాలయం కట్టుకున్నారు. చుట్టాల్లో క్రైస్తవులు ఇప్పటికీ ఉన్నారు. వీళ్ళకు శనివారం, వాళ్ళకు ఆదివారం.

అసలు చెప్పాలనుకున్నది మాత్రం కలకత్తా సంగతి. మన వైపు నుంచి అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు కాళీఘాట్ గురించి, హౌరా వంతెన గురించి చెబుతారు. ఆ వంతెన దిగి కాస్త దూరం నడిస్తే, బజారు రద్దీ మధ్యలో ఎర్రటి ఇటుక గోపురం కనబడుతుంది. చర్చి అనుకుంటాం. కాదు, 1884లో కట్టిన మాగెన్ డేవిడ్ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనాలయం. అసలు చర్చి, పోర్చుగీసువాళ్ళది, పక్కనే ఉంది. నాఖోదా మసీదూ దూరం కాదు.

ఒకప్పుడు వేలల్లో ఉన్న కలకత్తా యూదులు ఇప్పుడు ఇరవైమంది చుట్టూ ఉంటారేమో. ఇజ్రాయెల్‌కీ, ఇంగ్లండుకీ వెళ్ళిపోయారు. పదిమంది మగవాళ్ళు కూడితేగాని వాళ్ళ సామూహిక ప్రార్థన జరగదు. ఆ పదిమందే దొరకరు. అయినా బెంచీలమీద దుమ్ము ఉండదు. దులిపేది ముస్లింలు. వారిలో కొందరి కుటుంబాలు ఒడిశా పూరీ జిల్లా నుంచి వచ్చి తరతరాలుగా అదే పనిలో ఉన్నాయి. అంటే మనకు పొరుగువాళ్ళే. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుంది. గాజా వార్తలు టీవీల్లో మోగుతున్న రోజుల్లోనూ ఆ తలుపులు తీసింది వాళ్ళే.

సామరస్య సభల్లో శాలువాలు కప్పుకునే ఫొటోలను నేను వెక్కిరించను. వాటి పని వాటిది. కానీ సభ అయ్యాక కుర్చీలు సర్దే మనిషి ఎవరన్నదే నాకు ఆసక్తి.

అదే నగరంలో 1881లో పెట్టిన యూదు బాలికల బడి ఉంది. ఇప్పుడు అందులో చదివేవాళ్ళలో ఎక్కువమంది ముస్లిం ఆడపిల్లలే. పొద్దున్నే జడలు వేయించుకుని, ఆరు మొనల దావీదు నక్షత్రం ఉన్న యూనిఫారం తొడుక్కుని బడికి బయల్దేరతారు.