ఇంజనీర్ల సంఘములు - జీతము లేని కొలువు

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మదినమును మన దేశమున ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుచున్నారు. సభలు జరుగును, విగ్రహములకు పూలమాలలు పడును, పెద్దల ఉపన్యాసములైన పిమ్మట ఫలాహారములతో ఉత్సవము ముగియును. ఈ గౌరవమును మేమాక్షేపింపము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరదలో హైదరాబాదు నగరము కకావికలైన పిమ్మట, అట్టి విపత్తు మరల రాకుండుటకు ఉపాయము చెప్పిన మహనీయుడాయన. 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరు, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరు ఆ యాలోచన ఫలములే. అయితే మాల వాడిపోయిన పిమ్మట, మిగిలిన మున్నూట అరువదినాలుగు దినములలో ఇంజనీర్ల సంఘములు ప్రజల కేమి చేయుచున్నవి? వాని సభ్యులకు సేవచేయుటకు ఎట్టి యవకాశములు గలవు? ఈ ప్రశ్నను ఇంజనీర్లు కానివారును అడుగవలసి యున్నదని మా యభిప్రాయము.

మన దేశపు ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో మద్రాసున పుట్టినది; 1935లో రాజశాసనమును పొందినది. దాని ప్రధాన కార్యాలయము కలకత్తాలో నున్నది. సివిల్, మెకానికల్, విద్యుత్తు, వ్యవసాయము మొదలుగా పదునైదు శాఖలు దానికి గలవు. హైదరాబాదులో ఖైరతాబాదు కూడలిని దాటువారందరు దాని భవనమును చూచియే యుందురు. ఇట్టి సంస్థలను నడుపు పాలకమండలి సభ్యులు, శాఖల పెద్దలు జీతము గొని పనిచేయువారు కారు. తమ యుద్యోగము తీరిన పిమ్మట మిగిలిన కాలమును ఇచ్చువారు. ఈ జీతము లేని కొలువు చిన్నదని తలచుట పొరపాటు. దానియందు ఎంతటి శక్తి గలదో అన్యదేశముల చరిత్ర చెప్పుచున్నది.

1905 మార్చి 20వ తేదీన అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమందలి బ్రాక్టన్ పట్టణమున ఒక చెప్పుల కర్మాగారములో ఆవిరి బాయిలరు పేలి, ఏబది యెనిమిది మంది మరణించిరి. ఆ రాష్ట్రము 1907లో బాయిలర్లకు చట్టము చేసినది. కాని దేశమంతటికి ఒక నియమము లేదు. ఒకచోట చెల్లినది వేరొకచోట చెల్లకుండెను. అప్పుడు 1880లో స్థాపితమైన అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము 1911లో ఒక కమిటీని నియమించినది. ఆ కమిటీవారి శ్రమ ఫలితముగా 1914 నాటి బాయిలరు నియమావళి వెలువడినది. రేకు మందమెంత యుండవలెను, అతుకు లెట్లు వేయవలెను, ఎంత యొత్తిడికి రక్షక కవాటము తెరచుకొనవలెను అను విషయములను వారు తేల్చి వ్రాసిరి. నేటికిని ఆ నియమావళిని స్వచ్ఛంద సేవకులగు ఇంజనీర్లే సవరించుచున్నారు. నూరు దేశములకు మించి దాని నాదరించుచున్నవి. నేడు మన యిండ్లలో వైఫై యని పిలుచుకొనుచున్న దానికి మూలమైన ప్రమాణము సయితము విద్యుత్తు, ఎలక్ట్రానిక్సు ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమున అట్టి కార్యవర్గమే రచించి 1997లో వెలువరించినది.

అయితే జీతము లేనంతమాత్రమున ప్రతి సేవయు నిర్మలమని తలపరాదు. పైని చెప్పిన మెకానికల్ సంఘముననే ఒక దుష్టాంతము జరిగినది. బాయిలరులో నీరు తగ్గినయెడల మంటను ఆపివేయు సాధనమును ఒక కొత్త సంస్థ తయారుచేసెను. దానికి పోటీయగు పాత సంస్థ యొక్క ఉద్యోగియే ఆ విషయమును విచారించు ఉపసంఘమున సభ్యుడుగా నుండెను. 1971లో ఆ ఉపసంఘము పక్షమున వెలువడిన యొక జాబును చూపి, పోటీదారు సరకు నియమవిరుద్ధమని కొనుగోలుదారులకు చెప్పుకొనిరి. తుదకు 1982లో అమెరికా సుప్రీముకోర్టు ఆ సంఘమే దీనికి బాధ్యత వహించవలెనని తీర్పు చెప్పినది. దీనినుండి మనము నేర్వవలసిన నీతి స్పష్టము. సంఘములోని గౌరవ పదవి వట్టి అలంకారము కాదు, అది అధికారము. అధికారమున్న చోట తలుపులు తెరచి యుండవలెను. ఎవరి లాభము దేనియందున్నదో ముందే చెప్పుకొనవలెను.

ఇక మన దేశమునకు వత్తము. మనకు ఈ యూహ కొత్తది కాదు. చెరువుల కింద వ్యవసాయము చేయు మన పెద్దలకు కుడిమరామతు అను మాట తెలిసినదే. ఏటేట కాపులు తలకొక చేయి వేసి కట్టను సరిచేసికొని, కాలువ పూడిక తీసికొనుచుండెడివారు. ఆ యాచారము సడలినపిమ్మట కట్టలు ఎవరివియు కాక పోయినవి. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ పల్లెలను ముంచివైచినది. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో పెక్కు పేటలు జలమయమైనవి. స్వచ్ఛంద సేవకులున్నచో ఈ విపత్తులు రాకుండెడివని మేమనజాలము. కాని గండి పడిన మరునాడు నిపుణులు పరుగిడుటకంటె, వానకు ముందు ఒకమారు కట్టపై నడచిన నిపుణుడు మేలని చెప్పగలము.

కట్ట వెలుపలి పాదమున ఊరు నీరు తేటగా నున్నచో ఒక తీరు. మట్టిని కలుపుకొని బురదగా వచ్చుచున్నచో వేరొక తీరు. రెండవది కట్ట లోలోపల కరగిపోవుచున్నదను సూచన. కట్టపై పెరిగిన చెట్ల వేళ్ళు, ఎలుక బొరియలు, తుప్పుపట్టిన తూము తలుపు, పూడిపోయిన అలుగు - ఇవి చూడగల కన్ను ఇంజనీరునకు కలదు. చూచునట్టి నిత్యావసరము రైతునకు కలదు. ఈ యిరువురిని ఒకచోట చేర్చుట సంఘముల పని. ప్రతి జిల్లాయందును వేసవిలో ఇద్దరు ముగ్గురు సభ్యులు కొన్ని గ్రామములకు పోయి, రైతులకు ఈ గుర్తులను తెలుగున నేర్పినచో, అదియే నేటి కుడిమరామతు.

రెండవ పని నియమముల పరిశీలన. 1947లో పుట్టిన ప్రమాణముల సంస్థ యొక్క వారసురాలగు భారత ప్రమాణముల సంస్థ తన ముసాయిదాలను అభిప్రాయముల కొరకు వెలువరించుచున్నది. జాతీయ భవన నిర్మాణ నియమావళి 1970లో మొదట వచ్చి, 2005, 2016 సంవత్సరములలో సవరింపబడినది. మన జిల్లాలలో మేస్త్రీలతో కలిసి పనిచేయు యువ ఇంజనీర్లు ఈ ముసాయిదాలను చదివి తమ యనుభవమును వ్రాసి పంపనిచో, ఆ నియమములు మన యెండకు, మన నల్లరేగడికి సరిపడుటెట్లు? మూడవ పని విద్యాదానము. కళాశాలకు పోజాలక, డ్రాఫ్టుమన్ పని చేయుచునే సంఘముల పరీక్షలకు చదివి పైకివచ్చిన వారెందరో గలరు. అట్టివారికి సాయంకాలము ఒక గంట పాఠము చెప్పుట పెద్ద కష్టము కాదు.

కొందరు ఇట్లనవచ్చును: పన్నులు గొను ప్రభుత్వమే ఈ పనుల నన్నిటిని చేయవలెను గదా, ఉచిత సేవ పేరున ఖాళీలను నింపకుండుటకు సాకు దొరకదా? ఈ శంక న్యాయమైనది. చెరువులను తనిఖీ చేయు ఉద్యోగి స్థానమును స్వచ్ఛంద సేవకుడు ఆక్రమింపరాదు. అతడు చూచినది వ్రాతమూలకముగా ఆ యుద్యోగికి తెలిపి, జవాబు అడుగువాడు కావలెను. తనిఖీ బాధ్యత ప్రభుత్వముదే, మేలుకొలుపు సంఘముది. మరికొందరు పై యధికారుల కోపమునకు వెరతురు. ఒంటరిగా ఒక యువ ఇంజనీరు చెప్పలేని సత్యమును సంఘము పేరున పదిమంది చెప్పగలరు. సంఘములుండుట అందులకే గదా.

కాన మా మనవి. సంఘముల పెద్దలు తమ కమిటీలలో చిన్నవారికి, స్త్రీలకు, జిల్లాలవారికి చోటీయవలెను. ఒకే పేర్లు ఏండ్ల తరబడి కుర్చీల చుట్టు తిరుగుట మేమెరిగిన కొన్ని సంఘములలో కాననగుచున్నది. అది సేవకు శోభ కాదు. యజమానులు సంఘపు పనికి పోవు ఉద్యోగికి నెలకొక దినము సెలవీయవలెను. ఇక భూస్వాములు, పురప్రముఖులును ఊరకుండరాదు. మీ యూరి చెరువుకట్టపై నడచుటకు ఒక ఇంజనీరును పంపుడని మీ జిల్లాలోని సంఘమునకు ఈ వేసవిలోనే ఒక జాబు వ్రాయుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఆ జాబునకు జవాబు వచ్చిన దినమే మన ఇంజనీర్లకు నిజమైన దినోత్సవము కాగలదు.