తొందరపెట్టి కట్టించుకునే సీట్లు

ఢిల్లీ మునిర్కా సందుల్లో ఇళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఎదురింటి బాల్కనీలో ఆరేసిన తువ్వాలును ఇటునుంచి చెయ్యి చాపి తీసుకోవచ్చు. అలాంటి ఒక మూడో అంతస్తు గదిలో 2025 జూలై 19 సాయంత్రం ఒక తండ్రీ కూతురూ ఒకే ఫోను మీదికి వంగి కూర్చున్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం తొలి విడత సీట్ల జాబితా ఆ రోజే వచ్చింది. అనంతపురం జిల్లా పిల్ల. రాజనీతి శాస్త్రంలో సీటు వచ్చింది కానీ, తానిచ్చిన ఆప్షన్లలో అది ఏడోది. మొదటిది శ్రీ వెంకటేశ్వర కళాశాల. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిన కాలేజీ కదా, మన ఊరి బడిలా ఉంటుందని ఆ తండ్రి ఆశ.

ఆయన జేబులో ఇంకో కాగితం ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానికి మే నెలలోనే యాభై వేలు కట్టి సీటు బ్లాక్ చేసుకున్న రసీదు. మిగతా ఫీజు వారంలో కట్టకపోతే సీటు పోతుందని, కట్టింది వెనక్కి రాదని రోజూ ఫోన్లు. పక్క గదివాణ్ని కనుక సలహాకు నన్నూ పిలిచారు.

"చేతిలో ఉండేది ఇదే కదమ్మా. ఆ ఏడోది పైకి మారుతుందో లేదో ఎవురికి తెలుసు?"

"ఒక్క వారం ఓపిక పట్టు నాయినా."

ఆ వారం ఆ ఇంటిది కాకుండా పోయింది. దాన్ని రెండు నెలల ముందే వేరెవరో కొనేసుకున్నారు. ముందస్తు ప్రవేశాల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. ముందుగా చేరితే స్కాలర్‌షిప్ అంటారు, హాస్టల్లో మంచి గది అంటారు. బదులుగా తీసుకునేది మాత్రం నాలుగు కాలేజీలు పక్కపక్కన పెట్టి చూసుకునే వ్యవధిని. పద్దెనిమిదేళ్ల పిల్లకు అంతకంటే విలువైనది ఆ వేసవిలో ఇంకోటి లేదు.

ఈ వ్యాపారానికి చోటిచ్చింది పరీక్షల క్యాలెండరే. 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న, తెలంగాణ ఫలితాలు 22న వచ్చాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలాంటి చోట్ల సీటుకు రాయాల్సిన ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ఫలితాలు వచ్చేసరికి జూలై 4. అంతకుముందు ఏడాది మరీ ఘోరం, జూలై 28 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ రెండున్నర మూడు నెలలూ ఇంట్లో మార్కుల మెమో ఉంటుంది, సీటు ఉండదు. చుట్టాలు ఎక్కడ చేర్పించావని అడుగుతూనే ఉంటారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ బీ కేటగిరీ సీట్ల కోసం ఎంసెట్ రాయకముందే అడ్వాన్సు ఇచ్చిన తల్లిదండ్రులకు ఈ భయం కొత్తది కాదు.

అమెరికాలో ఈ ముందస్తు ప్రవేశాలను ఒక పద్ధతిగానే నడుపుతారు. ఎర్లీ డెసిషన్ అంటే నవంబరులో ఒక్క కాలేజీకే, సీటిస్తే చేరి తీరతామని పిల్లవాడూ తల్లిదండ్రులూ స్కూలు కౌన్సెలరూ సంతకాలు పెట్టి దరఖాస్తు చెయ్యాలి. ఎర్లీ యాక్షన్‌లో ఆ కట్టుబాటు లేదు, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న మన కుటుంబాలు ఏటా అక్టోబరులో ఈ రెండింటి మధ్య నలిగిపోతాయి. ముందుగా దరఖాస్తు చేయడం శాట్ పరీక్షలో దాదాపు వంద మార్కులు ఎక్కువ తెచ్చుకున్నంత లాభమని 2003లో ఎవరీ, ఫెయిర్‌బ్యాంక్స్, జెక్‌హౌజర్ తమ పుస్తకంలో లెక్కగట్టారు. ఆ లాభం ఎవరికి? ఏ కాలేజీ ఎంత ఆర్థిక సాయం ఇస్తుందో పోల్చుకోవాల్సిన అవసరం లేనివారికి. ఇది పేద విద్యార్థులకు అన్యాయమని హార్వర్డ్, ప్రిన్స్‌టన్ 2006లో ముందస్తు ప్రవేశాలు ఎత్తేస్తామని ప్రకటించాయి. మిగతావాళ్లలో చాలామంది కలిసి రాలేదు. 2011లో రెండూ మళ్లీ మొదలుపెట్టాయి.

ఒక్క సంస్థ మంచితనంతో ఇది ఆగదు. ఆగిన సందర్భం ఒకటుంది, తెలుసుకోదగ్గది. 1940ల్లో అమెరికా ఆసుపత్రులు ఇంటర్న్ డాక్టర్ల కోసం ఒకదాన్ని మించి ఒకటి ముందుకు జరుగుతూ, చదువు పూర్తి కావడానికి రెండేళ్ల ముందే వాళ్లను మాట్లాడేసుకునే స్థితికి వచ్చాయి. విద్యార్థి ఏ విభాగంలో రాణిస్తాడో అతనికే తెలియని వయసులో కుదిరిన ఒప్పందాలవి. చివరికి 1950ల మొదట్లో అందరికీ ఒకే తేదీ, ఒకే కేటాయింపు పద్ధతి పెట్టుకున్నాకే పోటీ సద్దుమణిగింది. ఇలాంటి వ్యవస్థల మీద చేసిన పరిశోధనకే ఆల్విన్ రాత్, లాయిడ్ షాప్లీలకు 2012లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది.

ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022 నుంచి నడుపుతున్న ఉమ్మడి సీట్ల కేటాయింపు ఆ తోవలోదే. లోపాలున్నాయి, కానీ ఒక న్యాయం ఉంది. వచ్చిన సీటును అంగీకరించి ఫీజు కట్టాక ఫ్రీజ్ చేసుకోవచ్చు, లేదా అప్‌గ్రేడ్ ఎంచుకుని పైవరస ఆప్షన్ల కోసం ఎదురుచూడవచ్చు. పైది రాకపోతే ఉన్నది ఉంటుంది. పైది వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, ఇక వెనక్కి రావడం ఉండదు. అందుకే మనసులోని వరసనే ఆప్షన్లలో పెట్టాలి. వస్తుందో రాదో అని కిందివాటిని పైకి ఎక్కించుకున్న పిల్లలను ఏటా చూస్తున్నాను, కోరి నష్టపోయినవాళ్లు వాళ్లే. ఇంకో సంగతి: తొలి సీటు నచ్చలేదని గడువులోగా అంగీకరించకుండా వదిలేస్తే తర్వాతి విడతలకు దారి మూసుకుపోతుంది.

డబ్బు వాపసుకు నిబంధనలు లేకపోలేదు. చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే, కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు మినహా మొత్తం తిరిగివ్వాలని, అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. అయితే ఆ చివరి తేదీ ఎప్పుడో ప్రకటించేది సంస్థే! ఈ కిటుకు తెలిసే కాబోలు, 2024-25లో యూజీసీ తానే తేదీ పెట్టింది: సెప్టెంబరు 30 దాకా పూర్తి ఫీజు, అక్టోబరు 31 దాకా వెయ్యికి మించని కోతతో మిగతాది వాపసు ఇవ్వాలని. మంచి ఉత్తర్వే. కానీ రసీదు వెనక చిన్న అక్షరాల్లో 'తిరిగి ఇవ్వబడదు' అని చూసిన రైతుకు ఆ ఉత్తర్వు సంగతి ఎవరు చెబుతారు? మేలో వడ్డీకి తెచ్చి కట్టిన డబ్బు అక్టోబరులో వచ్చినా వడ్డీ ఎవరిస్తారు?

వాపసు నిబంధన ఒక్కటీ చాలదు. సీయూఈటీ ఫలితాలు వచ్చిన పది రోజుల దాకా, దరఖాస్తు రుసుము తప్ప ఏ విశ్వవిద్యాలయమూ పైసా కట్టించుకోకూడదని యూజీసీ తేల్చిచెప్పాలి. ఆ ఫలితాలను జూన్‌లోపే ఇవ్వడం పరీక్ష నడిపే నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ బాధ్యత. ఈ రెండూ జరిగితే సీటు బ్లాక్ చేయమనే ఫోన్లలో సగం వాటంతటవే ఆగుతాయి.

అప్పటిదాకా తల్లిదండ్రులకు నా మనవి. ఆ కాలేజీయే మీ బిడ్డ మొదటి కోరికయితే, నాలుగేళ్ల ఖర్చూ లెక్కేసుకుని భరించగలమనుకుంటే, నిశ్చింతగా ముందే చేరండి. కాకపోతే డబ్బు కట్టేముందు వాపసు షరతును రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఇవ్వనన్నచోట కట్టకండి.

ఆ అమ్మాయి అప్‌గ్రేడ్ నొక్కింది. రెండో విడతలో మూడో ఆప్షన్ వచ్చింది, ఇప్పుడు రోజూ మునిర్కా నుంచే కాలేజీకి వెళ్తోంది. తండ్రి కట్టిన యాభై వేలు ఇంకా రాలేదు.