ట్రంప్ సుంకం వేస్తే పత్తి రైతుకు జరిమానా

2025 ఆగస్టు 7న ఢిల్లీలో స్వామినాథన్ శతజయంతి సభలో ప్రధాని మాట్లాడుతూ, రైతుల కోసం తాను సొంతంగా ఎంత మూల్యమైనా చెల్లించడానికి సిద్ధమన్నారు. ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి రైతుకు గోడలా అడ్డం నిలబడతానన్నారు. ఆగస్టు 18న ఆయన ఆర్థిక శాఖ విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గోడ నిలబడింది మూడు రోజులు.

మొదట సెప్టెంబర్ 30 దాకానే అన్నారు. పది రోజులు తిరక్కుండానే డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మన చేలల్లో పత్తి పగిలేది, ఏరేది, మార్కెట్‌కు తోలేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఈ గడువు 2025 డిసెంబర్ 31తో ముగిసింది. ఇంకా పొడిగించమని మిల్లుల సంఘాలు ఢిల్లీలో గట్టిగా అడిగాయి. మనం అడగకపోతే వాళ్ళ మాటే చెల్లుతుంది.

వాళ్ళు చెప్పే కారణం వినడానికి బాగానే ఉంది. మన సరుకుల మీద ట్రంప్ మొదట 25 శాతం, రష్యా చమురు కొంటున్నామనే సాకుతో ఇంకో 25 శాతం, మొత్తం 50 శాతం సుంకం వేశాడు. ఆగస్టు 27 నుంచి అది అమల్లోకి వచ్చింది. తిరుపూరులో ఆర్డర్లు ఆగాయి, కార్మికులకు పని పోయింది. అది నిజం. అక్కడ కుట్టు మిషన్ల ముందు కూర్చున్నది కూడా మనలాంటి ఇళ్ళ ఆడపిల్లలే. వాళ్ళ కష్టం మనకు పట్టదని ఎవరూ అనలేరు. కానీ వాళ్ళ కష్టానికి మందు పేరుతో ఇచ్చింది ఎవరికి, మింగింది ఎవరు అన్నదే ప్రశ్న.

ఎగుమతి కోసం బట్టలు నేయించే కంపెనీ ముడిసరుకును సుంకం లేకుండా తెచ్చుకోవడానికి అడ్వాన్స్ ఆథరైజేషన్ అనే పథకం ఎప్పటి నుంచో ఉంది. తెచ్చిన పత్తితో సరుకు చేసి బయటికి పంపితే చాలు. అతి పొడవు పింజ పత్తి, అంటే 32 మిల్లీమీటర్లు దాటిన రకం మీద సుంకం 2024 ఫిబ్రవరిలోనే తీసేశారు. ఆస్ట్రేలియాతో చేసుకున్న ఒప్పందం కింద ఏటా 51,000 టన్నులు సుంకం లేకుండా రావచ్చు. ఎగుమతిదారుకు ఇన్ని తలుపులు ముందే తెరిచి ఉంటే, ఆగస్టులో కొత్తగా తీసిన తలుపు ఎవరికి? మన ఊరి దుకాణాల్లో మనకే బట్ట అమ్ముకునే మిల్లులకు. పోనీ మన చొక్కా రూపాయి చవకయిందా అంటే అదీ లేదు. అయినా చొక్కా ధరలో పత్తి వాటా ఎంత? దాని మీద 11 శాతం తగ్గిస్తే అమెరికా వేసిన 50 శాతం పూడుతుందా? ఇది లెక్కలు రాక చేసిన పని అని నేననుకోను. వాషింగ్టన్‌కు ఒక నైవేద్యం కావాల్సి వచ్చింది, మన పంట చేతికి అందింది.

మన నష్టం ఎంతో వేసి చూద్దాం. క్వింటా పత్తి ఆడిస్తే 33, 34 కిలోల దూది వస్తుంది. విదేశీ దూది కిలో 130 రూపాయల దగ్గర ఉంటే దాని మీద 11 శాతం 14 రూపాయల పైచిలుకు. 34 కిలోలకు దగ్గర దగ్గర 480 రూపాయలు. అంటే క్వింటాకు 480 రూపాయల మేర మన పత్తికి ఉన్న దడిని పీకేశారు. ఐదెకరాల్లో 40 క్వింటాళ్ళు తీసే రైతుకు ఇది 19,000 రూపాయల సంగతి. ఉత్తర్వు రాగానే సి.సి.ఐ. తన గోదాముల్లోని బేళ్ళ ధర తగ్గించింది. ఇంకా మన పంట మార్కెట్‌కు రానేలేదు.

మద్దతు ధర ఉంది కదా, భయమెందుకు అంటారు. 2025–26కు పొడవు పింజకు 8,110 రూపాయలు ప్రకటించారు, నిజమే. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు మొత్తం ఖర్చు మీద సగం కలిపి ఇస్తే మధ్యరకం పత్తికే 10,075 రావాలి, ప్రకటించింది 7,710. సరే, ఆ ఇచ్చేదన్నా చేతికి వస్తుందా? ఈసారి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఎక్కించుకోవాలి, స్లాట్ దొరకాలి. తేమ 12 శాతం దాటితే కాంటా ఎక్కదు. అక్టోబర్ చివర్లో మొంథా తుపాను పగిలిన కాయను చెట్టు మీదనే నానబెట్టిపోయింది, ఆ పత్తిని 12కి ఎలా దించాలో యాప్ చెప్పదు. అది చాలదన్నట్టు మన రాష్ట్రంలో ఎకరాకు 12 క్వింటాళ్ళ లెక్కను 7కు కుదించి గిరి గీశారు. తొమ్మిది, పది పండించినవాడు మిగతాది ఎక్కడ అమ్ముకోవాలి? వ్యాపారి గుమ్మంలో. అక్కడ ధర చెప్పేది మద్దతు ధర కాదు, ఓడ దిగిన పత్తి. మా మార్కెట్లో తడి పేరు చెప్పి ఆరు వేలకు అడిగినవాళ్ళను నేనే చూశాను.

ఆ ఓడలో వస్తున్న పత్తి ఎలాంటిదో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో పత్తి పండించేవాళ్ళు వేలల్లో ఉంటారు, మన దేశంలో 60 లక్షల కుటుంబాలు. 2025 జూలైలో ట్రంప్ సంతకం చేసిన చట్టంలో గింజ పత్తికి ప్రభుత్వం హామీ ఇచ్చే ధరను పౌనుకు 36.7 సెంట్ల నుంచి 42 సెంట్లకు పెంచారు. మన లెక్కలోకి మార్చితే క్వింటాకు 8,200 రూపాయల దగ్గర పడుతుంది, అటూ ఇటూగా మన మద్దతు ధరే. తేడా ఎక్కడంటే, అక్కడ మార్కెట్ ధర పడిపోతే ఆ లోటును, నమోదైన ఎకరాల్లో 85 శాతానికి, ప్రభుత్వమే ఖాతాలో వేస్తుంది. తేమ మిషన్ లేదు, స్లాట్ లేదు. ఒక్కో మనిషికి ఏడాదికి 1,55,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చు, అంటే కోటీ ముప్పై లక్షల పైమాటే. మనకు కిసాన్ సమ్మాన్ ఆరు వేలు. ఈ ఇద్దరినీ ఒకే బరిలో దింపి పోటీ పడండి అంటున్నారు.

పైగా వాళ్ళే మన మీద ఫిర్యాదు చేస్తారు. మనం పత్తికి మద్దతు ధర ఎక్కువ ఇస్తున్నామని 2018లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో కాగితం పెట్టింది. ఆ సంస్థ మన మద్దతు ధరను పోల్చి చూసేది 1986–88 నాటి ధరలతో. అప్పటి డీఏపీ బస్తా ధర, అప్పటి ఏరుడు కూలి కూడా తెచ్చిస్తారేమో అడగాలి. వాళ్ళ సబ్సిడీల మీద బ్రెజిల్ ఇదే సంస్థలో కేసు వేసి గెలిచింది. గెలిస్తే ఏం జరిగింది? తన రైతులకు ఇచ్చే సొమ్ము ఆపాల్సింది పోయి అమెరికా బ్రెజిల్ పత్తి రైతుల నిధికి ఏటా 14 కోట్ల డాలర్లకు పైగా కట్టింది, చివరికి 2014లో 30 కోట్ల డాలర్లిచ్చి తగువు తెంపుకుంది. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి రైతులు 2003 నుంచి మొర పెట్టుకుంటూనే ఉన్నారు.

ఈ తంతు మనకూ కొత్త కాదు. ధర పెరుగుతోందనగానే 2010లో పత్తి ఎగుమతులు ఆపారు, 2012 మార్చిలో మళ్ళీ నిషేధించారు. అప్పుడున్నది ఇంకో ప్రభుత్వం. 2022లో క్వింటా పదివేలు దాటి రైతు నాలుగు రూపాయలు చూడగానే ఈ ప్రభుత్వం సుంకం ఎత్తేసింది. రైతుల మేలు కోసమంటూ 2021 బడ్జెట్లో ఆ సుంకం వేసిందీ వీళ్ళే.

దేశంలో పత్తి చాలడం లేదు, తెచ్చుకోక ఏం చేస్తామని కొందరు చదువుకున్నవాళ్ళు అడుగుతున్నారు. ఎందుకు చాలడం లేదు? గులాబీ పురుగును తట్టుకునే విత్తనం ఇన్నేళ్ళయినా ఇవ్వలేదు. ధర లేక రైతు వేరే పంటకు పోతున్నాడు. దిగుమతి పెరిగితే ధర పడుతుంది, ధర పడితే సాగు తగ్గుతుంది, సాగు తగ్గిందని మళ్ళీ దిగుమతి. వంటనూనెల్లో ఇలాగే సగానికి పైగా బయటి దేశాల మీద పడ్డాం, అయినా 2025 మే నెలాఖరున ముడి నూనెల మీద ప్రాథమిక సుంకం సగానికి కోశారు. ఆయిల్ పామ్ వేయండి అని ఊరూరా చెప్పిన నోటితోనే.

తిరుపూరు కార్మికురాలిని ఆదుకోవాలంటే ఆమెకు ఆగిపోయిన నెలల జీతం ఖజానా నుంచి ఇవ్వండి, చిన్న యూనిట్ల అప్పుల మీద వడ్డీ మాఫీ చేయండి. మేం అడ్డు చెప్పం, కలిసి అడుగుతాం. కానీ సుంకం మినహాయింపు ఇంకొక్క రోజు కూడా ఇవ్వడానికి వీల్లేదు. ఏడు క్వింటాళ్ళ గిరి చెరిపేయాలి, తడిసిన పత్తిని తేమ సడలించి కొనాలి. ఇప్పటికే మద్దతు ధరకన్నా తక్కువకు అమ్ముకున్నవాళ్ళకు తక్‌పట్టీ చూసి తేడా కట్టాలి.

పత్తి పండే ప్రతి గ్రామంలో ఈ నెల 20లోగా సభ పెట్టి తీర్మానం రాయండి. దాని మీద కౌలు రైతుల సంతకాలు కూడా పెట్టించండి, యాప్‌లో వాళ్ళ పేర్లు లేకపోయినా పత్తి పండించింది వాళ్ళే. ఒక ప్రతి కలెక్టరుకు, ఒకటి మీ ఎంపీకి ఇచ్చి రసీదు తీసుకోండి. తక్కువకు అమ్ముకున్నవాళ్ళ తక్‌పట్టీల నకళ్ళు సంఘం మండల కార్యాలయానికి చేర్చండి.